ఇటుకపొడి మీద అడుగులు

సాన్ హసింతో,
మార్చి 9, 1992

నొయెమీ,

టెన్నిస్ క్లబ్బు వదిలి రొసారియో వెళ్ళేటప్పుడు సామాన్ల గది తాళంచెవి నీతో పట్టుకుపోయావు. కోర్టు మీద లాగే చాప, గీతలు ఊడ్చే చీపురు, నీళ్ళ గొట్టం అన్నీ ఆ గదిలోనే ఉంటాయని నీకు తెలుసు. వెంటనే పంపు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. వేరే కారణమేమీ లేదు.

కాగితం మిగిలింది కనక ఇంకో రెండు ముక్కలు. ఒకటో కోర్టూ రెండో కోర్టూ పోయాయి. మన క్లబ్బు అధ్యక్షుడు ఓస్వాల్దో, అదే ఫ్రిజ్‌లు అమ్ముకునేవాడు, ఇటుకపొడి ఎత్తిపోయించి సిమెంటు పోయించాడు. దాని మీద నాలుగు డబ్బాలు కట్టించాడు. చుట్టూ గోడలు, మధ్యలో వల, చేతిలో చిల్లుల చెక్క. పేరు పాడెల్. దేశమంతా ఆడుతున్నారట. దేశమంతా జలుబు చేస్తే మనవాళ్ళు అదీ తెచ్చుకుంటారు. అందులో బంతి బయటికి పోదు, గోడ తిరిగి చేతికిస్తుంది. నువ్వు తప్పు చేస్తే గోడ క్షమాపణ చెప్పుకునే ఆట అది. ఆదివారం మాంసం కాల్చుకు తిని, అదే పొట్టలతో ఆ డబ్బాల్లోకి దూరి, బయటికొచ్చాక తమను తాము క్రీడాకారులంటున్నారు.

ఇక మిగిలింది మూడో కోర్టు, యూకలిప్టస్ చెట్ల పక్కది. మొన్న ఓస్వాల్దో అక్కడికే వచ్చాడు, బూట్లతో గీత తొక్కుతూ.

"ప్రొఫె, పొద్దుటిపూట ఆడవాళ్ళకు పాడెల్ నేర్పండి. సాయంత్రాలు మూడో కోర్టు మీకే. కాదంటారా, డిసెంబరు సమావేశంలో దాన్నీ డబ్బాలు చేసేస్తాం."

"వంట నేర్పమని అడుగు, ఆలోచిస్తాను."

"కాలం మారింది ప్రొఫె."

"కాలం మారలేదు. నీ నడుం మారింది."

అదీ సంగతి. నువ్వు అక్కడ సాహిత్యం చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. అది కూచునేవాళ్ళ పని. నీ కాళ్ళు కూచోడానికి తయారైనవి కావు. నాకు తెలుసు, తయారుచేసినవాణ్ణి నేనే.

తాళంచెవి మరిచిపోకు.

ఎవారిస్తో పెసాతి


రొసారియో,
ఏప్రిల్ 2

ప్రొఫె దోన్ ఎవారిస్తోకి,

మిమ్మల్ని ప్రొఫె అని పిలవకూడదనుకుని మూడు కాగితాలు చించాను. గురువని ఊరంతా పిలిచే పిలుపు నోటికి అంటుకుపోయింది, వదల్లేదు. దాన్ని గౌరవమని అనుకోకండి.

తాళంచెవి ఇవ్వను. చిన్నప్పట్నుంచీ మీ మాటలు ఎన్నో మోశాను, వాటికి బదులుగా అది నా దగ్గర ఉండనివ్వండి. ఒక మాట గుర్తుచేయమంటారా? జిల్లా పోటీల్లో ఓడి, ఆయాసపడుతూ మీ దగ్గరికి వచ్చాను. అందరి ముందూ మీరన్నారు, "నీ బ్యాక్‌హ్యాండ్ మన తపాలా లాంటిదమ్మాయ్. బయల్దేరుతుంది. చేరడం మాత్రం దేవుడి దయ." జనం పగలబడి నవ్వారు. మీరూ నవ్వారు. ఆ సాయంత్రం రాకెట్టు సంచిలో పెట్టాను. మళ్ళీ తీయలేదు.

ఇక్కడ ఓ ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. కిటికీ తీస్తే ఎదురింటి బట్టలు, వాటి వెనక కొంచెం నది. రోజంతా మాటలు చదువుతాను. ఒకే నీరసాన్ని చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో! మధ్యాహ్నపు నీరసం వేరు, జబ్బు నీరసం వేరు, ఇష్టంలేని మనిషి ఎదురుగా కూచున్నప్పటి నీరసం వేరు. వాటిని నాలుక మీద పెట్టుకుని వీధిలో నడుస్తుంటే తిండి కూడా గుర్తురాదు. మీ దగ్గరేమో ఉన్నవి మూడే: 'చెత్త', 'మహా చెత్త', 'పర్వాలేదు'. ఆ మూడోది నా పన్నెండో ఏట ఒకసారి విన్నాను. అది కూడా మీరు కోర్టుకు నీళ్ళు కొట్టినవాణ్ణి అన్నారేమోనని ఇప్పటికీ అనుమానమే.

కోర్టులు పోయినందుకు మీతో కలిసి ఏడవమంటారా? ఇటుకల్ని పొడిచేసి, దాని మీద గీతలు గీసి, ఓ బంతి గీత మీద పడిందా పక్కన పడిందా అని జీవితమంతా వంగి చూశారు. ఓస్వాల్దో మూర్ఖుడే. కానీ అతనికి వీధిలో మనుషులు కనబడతారు. మీకు కాళ్ళు మాత్రమే కనబడతాయి.

నొయెమీ


సాన్ హసింతో,
జూన్ 14

నొయెమీ,

తాళంచెవి రాలేదు.

నీ ఉత్తరంలో పొడుగు వాక్యాలున్నాయి. పొడుగు వాక్యం పొడుగు బంతిలాంటిది, భయపడినవాడు కొడతాడు.

జూన్ చలి బాగా పడుతోంది. పొద్దున్నే కోర్టు మీద మంచు గడ్డకట్టి, ఇటుకపొడి పైన పలక లేస్తోంది. ఎండ తగిలి అది కరిగేదాకా పిల్లల్ని దాని మీద అడుగు పెట్టనివ్వను. గోడ దగ్గర వేడి మాతే టీ తాగుతూ నిలబడతారు. ఈ ఏడాది చేరిన పిల్లలు ఆరుగురు. మొదటి నెల బంతి ముట్టనివ్వలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. పాతవాళ్ళు ఆడతారు, కొత్తవాళ్ళు చూస్తారు, చివర్లో చాప లాగుతారు. లాగేముందు ఆడినవాణ్ణి వల దగ్గర నిలబెట్టి నేల చూపిస్తాను. మధ్యాహ్నమంతా వాడెక్కడ నిలబడ్డాడో, ఎక్కడ బద్ధకించాడో, ఎక్కడ జారి బంతిని అందుకున్నాడో అంతా అక్కడే ఉంటుంది. వాడు అబద్ధమాడగలడు, వాడి అడుగులు ఆడలేవు. చూశాకే చెరపాలి. సిమెంటు మీద ఏముంటుంది చూడటానికి? ఉమ్ములు.

మందుల షాపతను వచ్చాడు. "మావాణ్ణి చీపురు పట్టడానికి పంపలేదండీ."

"మీవాడికి తన కాళ్ళెక్కడున్నాయో తెలీదు. ఇప్పుడే రాకెట్టు ఇచ్చామనుకో, చెయ్యి కూడా పారేసుకుంటాడు."

వాణ్ణి తీసుకెళ్ళి డబ్బాలో చేర్చాడు. పోనీ. తండ్రుల్లో నేర్చుకునే వయసు దాటనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

దెల్ఫీనా అని ఒక ఎడమచేతి పిల్ల ఉంది. మొన్న ఆడాక నేలకేసి చాలాసేపు చూసి, "ప్రొఫె, నా మడమలు ఎక్కడా లేవు" అంది. ఆ పిల్ల మునివేళ్ళ మీదే పరిగెత్తుతుంది, ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టింది. నేను గొట్టం సరిచేసే పని ఉండి అటు తిరిగాను.

డబ్బాల సంగతి. ఓస్వాల్దో భార్య బేబా రోజూ పొద్దున మూడో కోర్టు పక్క డబ్బాలో ఆడుతుంది. ఆడుతుందా, ఈగను తరుముతుంది. వెనక గోడకేసి వెళ్ళే బంతి వెంట తనూ పరిగెత్తి గోడకు గుద్దుకుంటుంది. బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు మోచెయ్యి బడిపిల్ల ప్రశ్న అడగడానికి లేపినట్టు లేస్తుంది. నేను చూడను. కంచె అవతల ఏం జరిగినా నాకు పట్టదు. గడ్డం గీసుకునేటప్పుడు కూడా ఆ మోచెయ్యే కళ్ళముందుకొస్తోంది. దాన్ని సరిచేయడం వారం పని. నాకేం పట్టింది.

ఎవారిస్తో


రొసారియో,
జూలై 20

ప్రొఫె,

మిమ్మల్ని ఇలా చూడటం ముచ్చటగా ఉంది. కంచెకు ముక్కు ఆనించి, కాల్చిన మాంసం కంపు కొట్టే పొట్టల్ని, ఒక ఇల్లాలి మోచేతినీ చూస్తూ, చూడనని ఒట్టేస్తున్నారు. ఇష్టంలేదంటూనే ప్రతి పెళ్ళికీ వెళ్ళి కూర బాలేదని చెప్పే మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ కూడా రెండోసారి వడ్డించుకుంటుంది.

ఆ బేబాకు అంత చిన్న విషయం చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరా? వెనక గోడకేసి పోయే బంతిని పోనివ్వాలి. దాంతో పరుగు పందెం ఎందుకు? నాలుగడుగులు ముందుకొచ్చి ఆగి, అది గోడను తాకి తిరిగొచ్చి మోకాలి కిందికి దిగాక తీసుకోవాలి. మోచెయ్యి దానంతటదే తగ్గుతుంది. మీ గర్వం మోకాళ్ళ కిందికి దిగితే ఈపాటికి మీరే చెప్పేవారు.

నాకు మీరు నేర్పినవన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. మొన్న ఉన్నట్టుండి బూటు అంచు మీద టపటప కొట్టుకున్నాను, మట్టి దులుపుకోవడానికి. మట్టే లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఎనిమిదేళ్ళు ఒక మనిషి చేతిలో పడితే ఇలాంటి జబ్బులే మిగులుతాయి.

దెల్ఫీనా మడమల గురించి రాసినచోట మీ రాత కొంచెం వంకర పోయింది. చలి అనుకుంటాను.

నొయెమీ


సాన్ హసింతో,
ఆగస్టు 3

నొయెమీ,

బూట్లు దులుపుకున్నానన్నావు. మేం రాకెట్టుతో కొడతాం, నువ్వు దేంతో కొట్టావు? నిఘంటువుతోనా?

మోకాలి కిందికి దిగాక తీసుకోవాలి అన్నావు. అది పుస్తకాల్లో ఉండదు. ఎవరో చెబితే వచ్చేదీ కాదు. పైన కొట్టి కొట్టి చేతులు పడిపోయినవాళ్ళకే తెలుస్తుంది. నువ్వు అలాంటి డబ్బాలో నిలబడ్డావు. ఒకసారి కాదు.

రాకెట్టు మళ్ళీ తీయలేదని రాశావు. నిజమే, చిల్లుల చెక్క రాకెట్టు కాదు.

కవిత్వం రాస్తున్నావనుకుని జాలిపడ్డాను. ఆ జాలి కూడా దండగైంది. ఉత్తరాలు ఆపు. తాళంచెవి నువ్వే ఉంచుకో, నాకు తీగముక్క చాలు.

పెసాతి


రొసారియో,
సెప్టెంబరు 5

ప్రొఫె,

ఆపమన్నారు కనకే రాస్తున్నాను.

అవును, నిలబడ్డాను. వారానికి నాలుగు రోజులు పాడెల్ నేర్పుతున్నాను. పాత బస్సుల షెడ్డులో రెండు డబ్బాలు కట్టారు, పైకప్పు కారుతుంది. నా దగ్గర నేర్చుకునేది ఇద్దరు టీచరమ్మలు, ఒక పళ్ళ డాక్టరు, విడాకులయ్యాక ఒళ్ళు తగ్గిద్దామని వచ్చే ఒకాయన. గది అద్దె సాహిత్యం కట్టదు. మీరు పిలిచినట్టే నేనూ దాన్ని డబ్బా అనే పిలుస్తాను, ఆ ఆటను మీకంటే దగ్గర్నుంచి అసహ్యించుకునే హక్కు నాకుంది.

కానీ మీకు ఒకటి చెప్పాలి, కోపంతోనే చెబుతాను. ఆ పళ్ళ డాక్టరు మధ్య గీత దాటడు. ఎంత చెప్పినా, "నేను దాటుతూనే ఉన్నాను కదా" అంటాడు. సిమెంటు మీద ఏం చూపించను? ఓ రోజు పక్క సందులో ఇల్లు కూలగొడుతుంటే బకెట్‌తో ఇటుకముక్కలు తెచ్చి, సుత్తితో పొడిచేసి, గుడ్డలో జల్లించి, డబ్బాలో పలచగా చల్లాను. "ఆడండి" అన్నాను. ఒక ఆట అయ్యాక నలుగుర్నీ వల దగ్గర నిలబెట్టాను. డాక్టరు తన అడుగులు చూసుకున్నాడు. అన్నీ ఒకేచోట, కోడిపెట్ట గుడ్లు పెట్టుకున్నట్టు. తర్వాత, "నా పెళ్ళాం కూడా ఇదే అంటుంది" అన్నాడు.

షెడ్డు యజమాని వచ్చి చూసి, "ఏంటమ్మా ఇదంతా, ఇక్కడేమన్నా ఇల్లు కడుతున్నావా?" అని అరిచాడు. నలుగురం కలిసి ఊడ్చాం. బయటినుంచి లోపలికి, గుండ్రంగా. వాళ్ళు మూలలు వదిలేస్తుంటే నా నోట్లోంచి మీ గొంతు వచ్చింది. మాటలు కూడా మీవే. అవి ఇక్కడ రాయను.

ఆ రాత్రి నా మీద నాకే చికాకు వేసింది. ఊరు విడిచాను, మిమ్మల్ని విడిచాను, చివరికి చేస్తున్నది ఇదీ.

నొయెమీ


సాన్ హసింతో,
అక్టోబరు 11

నొయెమీ,

ఈ రాత నాది కాదు. చెయ్యి కొంచెం నొప్పిగా ఉండి, ఊళ్ళో ఇంకెవరికీ పనిలేక, ఓస్వాల్దో భార్య రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. అక్షరాలు గుండ్రంగా, బొద్దుగా, రాసేమనిషిలాగే ఉంటాయి, భరించు. (రాశాను ప్రొఫె. ఇంకా చెప్పండి.)

నీ ఇటుకపొడి సంగతి చదివాను. జల్లించడానికి గుడ్డ వాడకూడదు, తీగజల్లెడ వాడాలి. పలచగా చల్లడం సోమరితనం. తడపకుండా చల్లడం బుద్ధిహీనత. ఆలోచన మాత్రం పర్వాలేదు. (ఈ చివరి వాక్యం కొట్టెయ్యమంటున్నారు. కొట్టెయ్యను.)

పిల్లలు బాగానే ఉన్నారు. నేను కుర్చీలో కూచుని నేర్పుతున్నాను. దెల్ఫీనాకు మడమలు వచ్చాయి. ఇంతే. సంతకం పెట్టు.

అమ్మా నొయెమీ, ఇప్పుడు రాస్తున్నది నేను, బేబాని. ఆయన మాతే కోసం నీళ్ళు కాచుకోడానికి లోపలికెళ్ళారు. నువ్వెవరో నాకు బాగా తెలుసు, మీ అమ్మా నేనూ ఒకే బడి. చెయ్యి నొప్పి కాదు, కుడి మణికట్టు విరిగింది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆయన మా డబ్బాలోకి బకెట్ పట్టుకుని వచ్చారు. గుమ్మంలో నిలబడి, "సెన్యోరా, మిమ్మల్ని ఆర్నెల్లుగా చూస్తున్నాను, ఇక నా వల్ల కాదు" అన్నారు. ఏం తప్పు చేశానో అనుకున్నాను. నేలంతా పొడి చల్లి నన్ను ఆడమన్నారు. తర్వాత నా అడుగులు చూపించారు. నేను బంతి వెంట గోడదాకా పరిగెత్తిన దారి వాగులా ఉంది. ఎంత సిగ్గేసిందో, అంత నవ్వొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎలా తీసుకోవాలో చూపిస్తానని ఆయనే చెక్క అందుకున్నారు. నేను వల దగ్గర చిన్న బంతి వేశాను. దానికోసం ఆయన జారారు, మీరంతా జారతారే, ఒక కాలు చాపి, అలా. ఎంత అందంగా జారారనుకున్నావు. పొడి ఉన్నంతమేరా జారారు. పొడి అయిపోయి ఒట్టి సిమెంటు వచ్చింది, బూటు అక్కడే పట్టేసింది, మనిషి ముందుకు పోయారు. కింద పడి కూడా, "మోచెయ్యి చూశారా, కిందనే ఉంది" అన్నారు.

చెయ్యి విరిగిన ప్రొఫె పాడెలూ నేర్పలేరు, టెన్నిసూ నేర్పలేరు, ఇక మూడో కోర్టు ఎందుకని సంఘంలో అంటున్నారు. డిసెంబరు ఇరవైన ఓటు. మా ఆయన్ని ఈయన గాడిద అంటారు. కాపురం చేస్తున్నదాన్ని, కాదని ఎలా చెప్పను? కోర్టు పోతే ఈయన ఏమవుతారో నాకు భయంగా ఉంది. నీళ్ళు మరిగాయి, వస్తున్నారు.


రొసారియో,
నవంబరు 22

ప్రొఫె,

సిమెంటు మీద జారారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఊళ్ళో నేలను చదవడం వచ్చిన ఒకే ఒక్క మనిషి, పొడి ఎక్కడ అయిపోతుందో చూసుకోలేదు. మీ శిష్యుల్లో ఎవరైనా ఈ పని చేసుంటే మీరు ఏమనేవారో ఊహించుకుంటూ ఒక సాయంత్రమంతా గడిపాను. మీకున్న మూడు మాటలూ చాలలేదు.

ఇక అసలు విషయం. ఓస్వాల్దోకు ఫోన్ చేశాను. అతను పెట్టిన షరతు, టెన్నిస్ నేర్పేవాళ్ళు పొద్దుట పాడెల్ నేర్పితే సాయంత్రం మూడో కోర్టు వదిలేస్తామని. ఏ టెన్నిస్ నేర్పేవాళ్ళో అందులో లేదు. వేసవంతా పొద్దున నేను పాడెల్ నేర్పుతాను, సాయంత్రం మీరు కుర్చీలోంచి తిట్టండి, బంతులు నేను వేస్తాను అన్నాను.

"ప్రొఫె ఒప్పుకున్నాడా?" అన్నాడు.

"ఆయన్ని అడగలేదు."

"అడిగితే?"

"అడిగితే కోర్టు పోతుంది, మీ భార్య మోచెయ్యి మళ్ళీ లేస్తుంది."

ఫోన్లో వెనకనుంచి బేబా గొంతు, "ఒప్పుకో ఓస్వాల్దో, తిండి చల్లారిపోతోంది" అంది. ఒప్పుకున్నాడు. సమావేశంలో తనే చెబుతాడట.

ఇది మీ మీద ప్రేమతో చేస్తున్నానని అనుకోకండి. ఈ ఊళ్ళో డిసెంబరు వేసవి భరించలేను, నది కూడా చెమట వాసన వేస్తుంది. పుస్తకాలు మోసుకొస్తాను. మధ్యాహ్నాలు చదువుకుంటాను, నన్ను కదిలించకూడదు.

తాళంచెవి పంపమంటారా, తీసుకురమ్మంటారా?

నొయెమీ


సాన్ హసింతో,
డిసెంబరు 21

నొయెమీ,

ఎడంచేత్తో రాస్తున్నాను. చదవలేకపోతే అది నీ చదువు లోపం.

నన్ను అడక్కుండా నా తరఫున ఆ గాడిదతో బేరమాడావు. నా పేరు పక్కన పాడెల్ అనే మాట రాయించావు. నలభై ఏళ్ళు దాచుకున్నదాన్ని ఒక్క ఫోన్‌తో మురికి చేశావు. నిన్న ఓటు వేశారు. కోర్టు ఉంది. ఓస్వాల్దో వచ్చి నా ఎడంచెయ్యి పట్టుకుని ఊపాడు, ఏదో తనే కాపాడినట్టు. ఊపనిచ్చాను. అలసిపోయాను.

సోమవారం బస్సు దిగగానే ఇంటికెళ్ళి నిద్రపోకు. అయిదుకల్లా కోర్టుకు నీళ్ళు పడాలి, ఎండ చెట్లు దాటకముందు. ఆ డబ్బా బూట్లు మూడో కోర్టు మీద వేశావా, గేటు దగ్గరే ఆపేస్తాను, వాటి అడుగు పళ్ళు కోర్టుకు గుంటలు పెడతాయి. దెల్ఫీనాకు ఎడమవైపు బంతులు ఎక్కువ వెయ్యి, ఆ పిల్ల వాటికి భయపడుతోంది. నా కుర్చీ వెనక నిలబడకు, నీడ పడుతుంది. బేబా నిన్ను భోజనానికి పిలుస్తుంది. వెళ్ళు, వంట మాత్రం వచ్చు ఆవిడకు.

నీ బ్యాక్‌హ్యాండ్ ఎలా ఉందో మొదటిరోజే చూస్తాను. ఏడాదిగా గోడలతో ఆడావు, మహా చెత్తగా ఉంటుంది. సరిచేద్దాం.

తాళంచెవి పంపనక్కర్లేదు, తేనక్కర్లేదు. అది ఏ తాళానికీ పట్టదు. నువ్వు వెళ్ళిన వారానికే తాళం మార్పించాను.

ఎవారిస్తో